చెంచా, బెల్టు, జోళ్లు: ‘మౌస్’లో స్నేహం సంగతి

బొమ్మల కథలంటే పిల్లల వ్యవహారమని మనలో చాలామందికి ఒక నమ్మకం. చందమామ మానేసిన వయసులోనే బొమ్మల్నీ వదిలేస్తాం. ఆర్ట్ స్పీగల్‌మన్ ‘మౌస్’ అట్లా వదిలేయదగ్గది కాదు. అమెరికాలో 1986లో మొదటి సంపుటం, 1991లో రెండోది వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. 2022లో టెన్నెసీ రాష్ట్రంలోని ఒక స్కూలు బోర్డు దీన్ని పాఠాల్లోంచి తీసేసింది కూడా. పోలండ్ యూదుడైన వ్లాదెక్ నాజీల ఆష్‌విట్జ్ క్యాంపు నుంచి ఎట్లా బతికి బయటపడ్డాడో కొడుక్కి చెప్తాడు, కొడుకు గీస్తాడు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్ వాళ్లు పందులు, అమెరికన్లు కుక్కలు.

మొదటి పేజీల్లోనే స్నేహం మాట వస్తుంది. 1958. న్యూయార్క్‌లో స్కేటింగ్ చేస్తుండగా స్కేటు ఊడితే, తోటి పిల్లలు వదిలేసిపోయారని ఆర్ట్ ఏడుస్తూ ఇంటికొస్తాడు. తండ్రి ఓదార్చడు. ఆకలితో కలిపి బంధించి చూస్తే తప్ప స్నేహితులెవరో తేలదన్నట్టు మాట్లాడతాడు. ఇదే పుస్తకం తేల్చిన నిజమని కొందరు చదువుకుంటారు. మాకు అట్లా కనపడలేదు. వ్లాదెక్ చెప్పిన కథే వ్లాదెక్ మాటను చాలాచోట్ల కాదంటుంది.

మాండెల్‌బామ్ సంగతి చూడండి. ఊళ్లో పేరున్న ధనికుడు. 1944లో ఆష్‌విట్జ్‌లో అతనికిచ్చిన ప్యాంటు ఇద్దరికి సరిపోయేంతది, బెల్టు లేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి. కాలికి పట్టని జోడును ఇంకో చేత్తో మోయాలి. ఇక సూపు గిన్నె ఏ చేత్తో పట్టుకుంటాడు? చెంచా కూడా పోయింది. మంచులో ఒక కాలు ఉత్తదే. అప్పటికి వ్లాదెక్‌కు కాస్త పలుకుబడి దొరికింది. కాపో, అంటే ఖైదీల్లోంచే ఎంచి ఖైదీల నెత్తినెక్కించిన మేస్త్రీ, ఇంగ్లీషు నేర్చుకోవాలనుకున్నాడు. వ్లాదెక్ నేర్పాడు. అందుకు ప్రతిఫలంగా కడుపునిండా తిండి, సరిపడే బట్టలు దొరికాయి. ఆ అదనులోనే స్నేహితుడి కోసం ఒక చెంచా, ఒక బెల్టు, ఒక జత చెక్కజోళ్లు అడిగి తెచ్చాడు. మాండెల్‌బామ్ ఏడ్చేశాడు. తర్వాత కొద్దిరోజులకే అతన్ని పనికి తీసుకుపోయారు, మళ్లీ రాలేదు. స్నేహం అతని ప్రాణం నిలపలేకపోయింది. ఆ కొద్దిరోజులు మాత్రం రెండు చేతులూ ఖాళీగా మనిషిలా తిన్నాడు.

క్యాంపును నడిపింది జర్మన్ తుపాకులు ఒక్కటే కాదు, ఈ మేస్త్రీ పద్ధతి కూడా. కొందరికి ఒక రొట్టెముక్క ఎక్కువ ఇచ్చి చేతిలో కర్ర పెడితే, కిందివాడి కోపం ముందు వాళ్లమీదికే పోతుంది. అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత తెలిసిన పాఠకులకు ఇది వేరే వివరించక్కర్లేదు. అట్లాగని క్యాంపూ కులమూ ఒకటేనని మేము అనడం లేదు. క్యాంపు మనుషుల్ని కొన్నేళ్లలో తుదముట్టించడానికి కట్టింది. కులం తరతరాలుగా పని పిండుకోవడానికి కట్టింది.

పని అంటే గుర్తొచ్చింది. బట్టల వ్యాపారం చేసిన వ్లాదెక్ క్యాంపులో జోళ్లు బాగుచేసి బతికాడు. ఒక అధికారి బూటు చిరిగితే తనవల్ల కాక, ఒక రోజు రొట్టె ఇచ్చి అసలైన పనివాడితో కుట్టించాడు, పక్కన కూచుని చూసి నేర్చుకున్నాడు. బూటు చూసి ఆ అధికారి ఒక సాసేజ్ తెచ్చిచ్చాడు. జోళ్లు కుట్టినవాణ్ణి జోళ్లేసుకుని తమ వీధిలో నడవనివ్వని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కాబట్టి ఈ పేజీల దగ్గర మేము కాసేపు ఆగాం.

బంధువు హాస్కెల్ కథ ఇంకోరకం. యూదు పోలీసుల్లో పెద్ద. నగలు తీసుకుని వ్లాదెక్‌నూ భార్య ఆన్యానూ తప్పించాడు. ఆన్యా తల్లిదండ్రుల దగ్గరా తీసుకున్నాడు, వాళ్లను మాత్రం తప్పించలేదు. హంగరీ యువతి మాన్సీ పరాయిది. భార్యాభర్తల మధ్య ఉత్తరాలు, తిండి ప్రాణాలొడ్డి చేరవేసింది. ఏమీ పుచ్చుకోలేదు.

ఇంత అనుభవించిన మనిషి మంచివాడై తీరాలా? రెండో సంపుటంలో కోడలు ఫ్రాన్స్వాజ్ దారిలో ఒక నల్లజాతి మనిషిని కారెక్కించుకుంటే వ్లాదెక్ గింజుకుంటాడు. సామాన్లు దొంగిలిస్తాడని భయం. నాజీలు యూదుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుతున్నావని కోడలు నిలదీస్తే, ఆ పోలికే కుదరదంటాడు. కొడుకు దీన్ని దాచలేదు. పైగా ఆ నల్లమనిషిని కూడా మిగతా అమెరికన్లలాగే కుక్కగా గీశాడు. తండ్రి ఒప్పుకోని సమానత్వం అతని కుంచెలో ఉంది. పీడితుణ్ణి దేవుణ్ణి చేస్తేగాని మాట నమ్మని అలవాటు మన దగ్గరా ఉంది. కోర్టుల్లో సాక్షి గుణగణాలు తవ్వేవాళ్లది అదే అలవాటు. వ్లాదెక్ పిసినారి, మొండివాడు, జాతి ద్వేషం ఉన్నవాడు. అతని చేతిమీద పచ్చబొట్టు పొడిచిన అంకెలు అయినా నిజమే.

మాకు మింగుడుపడనిది ఆన్యా సంగతి. ఆమె 1968లో ఆత్మహత్య చేసుకుంది. తన అనుభవాలు నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకుంది. ఆమె పోయాక, జ్ఞాపకాలు భరించలేక వ్లాదెక్ వాటిని తగలబెట్టాడు. తెలిసిన రోజు కొడుకు తండ్రిని హంతకుడన్నాడు. కాబట్టి ఆన్యా ఆకలి, ఆమె స్నేహాలు, ఆమె భయం అన్నీ మొగుడి నోటి నుంచే మనకందుతాయి. మాన్సీ గురించి ఆమె ఏం చెప్పేదో మనకు దొరకదు. కారంచేడు, చుండూరు మీద సాక్ష్యాలు సేకరించేవాళ్లు ఆడవాళ్లతో విడిగా ఎందుకు కూచోవాలో ఈ పేజీలు చదివితే తెలుస్తుంది.

ఆ పుస్తకాల్లో ఏముందో కాస్తన్నా గుర్తుందా అని ఆర్ట్ అడుగుతాడు. తండ్రికి ఒక్కటే గుర్తుంది. పెద్దయ్యాక కొడుకు వీటిమీద ఆసక్తి చూపాలని ఆమె కోరుకుందట.