సగములో ఆగిన ఊలు అల్లికలు

మన యిండ్లలో ఊలు అల్లికకు దొరకు కాలము మిక్కిలి స్వల్పము. కార్తీకమున చలిగాలి సోకగానే సూదులు చేతికి వచ్చును. శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దల మాట. ఈ నడుమ ముగియని స్వెట్టరు పెట్టె యడుగునకు చేరును. మరుసటి యేడు దానిని వెలికి తీయుటకంటె క్రొత్త ఊలు కొని క్రొత్త నమూనా మొదలిడుటయే హాయిగా తోచును. ఇట్లు నాలుగైదు శీతకాలములు గడచుసరికి ఒక చేయి లేని స్వెట్టరు, జతలేని మేజోడు, వీపు భాగము మాత్రమే యున్న కోటు పోగుపడును.

దీనికి సోమరితనమే కారణమని గృహిణులు తమ్ము తాము నిందించుకొన నక్కరలేదు. వీపు భాగము, రొమ్ము భాగము సూటిగా సాగిపోవును. మాటలాడుచు, రేడియో వినుచు అల్లవచ్చును. చంక కడ కుట్లు తగ్గించుట, మెడ మలచుట, రెండవ చేతిని మొదటి దానికి సరిగా అల్లుట, తుదకు భాగములను కలిపి కుట్టుట—వీనికి లెక్కయు, ఏకాగ్రతయు కావలెను. పని ఆగునది సాధారణముగా ఇచ్చటనే.

కావున మొదట చేయవలసినది అల్లుట కాదు; అన్నిటిని పగటి వెలుతురులో ఒక్కచోట పరచి పరీక్షించుట. ఇది ఎవరికొరకు? వారికి నేడు సరిపోవునా? మిగిలిన ఊలు చాలునా? జ్ఞాపకమును నమ్మక టేపుతో కొలిచి సమాధానము చెప్పుకొనవలెను. ఏడాది బిడ్డకై మొదలిడినది మూడేండ్ల బాలునకు పట్టదు; వాని చెల్లెలికి పట్టవచ్చును. ఈ పరీక్షతో అల్లికలు మూడు కుప్పలగును: ముగింపదగినవి, మార్పదగినవి, విప్పదగినవి.

ముగింపదగిన దానిని తిరిగి చేపట్టునపుడు సూది విషయమున జాగ్రత్త అవసరము. పాత లెక్కలో 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు, నంబరు పెరిగిన కొలది సూది సన్నగిలును. చేతి బిగువు కూడ కాలముతో మారును. 168 కుట్లు అంగుళమునకు 6 చొప్పున పడినచో చుట్టుకొలత 28 అంగుళములు. 7 చొప్పున పడినచో 24 మాత్రమే. ఒక్క కుట్టు తేడాతో నాలుగంగుళములు తగ్గును. కనుక పాత భాగములో అంగుళమునకు కుట్లెన్నో లెక్కించి, చిన్న తునక అల్లి సరిచూచిన పిదపనే ముందునకు సాగవలెను.

విప్పుటకు మనస్సు ఒప్పదు. కాని కత్తిరించిన గుడ్డ మరల తానుగా మారదు. అల్లిన ఊలు మరల దారమగును. ఇదియే ఈ కళలోని సౌలభ్యము. కలిపి కుట్టిన చోట్లను ముందుగా ఊడదీసి, అల్లిక ముగిసిన కొననుండి విప్పుచు, దారమును కుర్చీ వీపునకు చుట్టి చిలప చేయవలెను. నాలుగు చోట్ల నూలుదారముతో వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానవేసి, తువాలులో అదిమి, నీడలో వ్రేలాడదీసినచో వంకరలు చాలవరకు పోవును. వేడినీట రుద్దరాదు, ఊలుపోగుల మీది పొలుసులు ఒకదానిలో నొకటి చిక్కుకొని దారము ముద్దగట్టును. క్రొత్త ఊలు చేర్చవలసివచ్చినచో రెండు వరుసలు పాతది, రెండు వరుసలు క్రొత్తది అల్లిన రంగు తేడా కంటికి కొట్టదు.

నిర్ణయము వాయిదా వేసినచో నష్టము లేదని తలపరాదు. ఊలును తినునది ఎగురు చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. చీకటి, నిశ్చలత, చెమట మరకలు దానికి ఇష్టము. కదలింపక మూసియుంచిన పెట్టె దానికి విడిది వంటిది. ఏటికి రెండు మూడు మార్లు అన్నిటిని దులిపి ఎండ చూపవలెను. కలరా ఉండలు పసిబిడ్డల దుస్తుల నడుమ ఉంచరాదు. కొందరు శిశువులకు పుట్టుకతోనే రక్తకణములలో ఒక ఎంజైము కొరతపడును. అట్టివారికి ఆ ఉండలలోని నాఫ్తలీను వలన రక్తకణములు చిట్లి ప్రాణాపాయము కలుగవచ్చును. నేడు ఊలు పేరిట అమ్ముదానిలో చాల భాగము ఆక్రిలిక్. కొద్ది దారమును జాగ్రత్తగా కాల్చి చూచినచో ఊలు వెండ్రుక కాలిన వాసనతో పొడియగును; ఆక్రిలిక్ కరగి గట్టి పూస యగును. ఈ రెండవదానిని చిమ్మెట సాధారణముగా ముట్టదు, కాని వేడి ఇస్త్రీ తగిలిన అది సాగిపోవును.

ఇక తల్లియో, అత్తగారో మొదలిడి, ముగింపకయే గతించిన అల్లిక ఒకటి కొన్ని యిండ్లలో నుండును. దానిని విప్పుమని ఎవరును చెప్పలేరు. కుట్లు జారకుండ అంచు మూసినచో వీపు భాగమే చిన్న మెడపట్టీగానో, పసిపాప ఉయ్యాల దుప్పటిగానో అమరును. ముగింపదలచినచో మెడ నడుమ గాక, క్రొత్త చేతి తొలి వరుసనుండి ప్రారంభించుట మేలు. ఇద్దరి చేతి బిగువులోని తేడా అచ్చట కుట్టుచాటున నణగును.

మిగిలిన వానిలో ఒక్కదానినే బుట్టలో నుంచి, తక్కిన ప్రతిదానికి సూది నంబరు, ఆగిన వరుస, ధరింపవలసిన వారి పేరు వ్రాసిన చీటీ గ్రుచ్చి దాచవలెను. ముగింపునకు అతి చేరువలో నున్నదానిని ముందు చేపట్టుడు. ఈ చలికాలమున ఒక్క స్వెట్టరైనను పెట్టెనుండి బిడ్డ యొంటి మీదికి చేరినచో, రెండవదానికి చేయి తానే సాగును.