టేబుల్‌కి మన వైపు కూర్చునే మనిషి

మెయిల్ వచ్చేసరికి నేను పప్పుకి తాలింపు పెడుతున్నా. ‘మీ అసైన్‌మెంట్ కోడ్, మరో విద్యార్థి కోడ్ ఒకేలా ఉన్నాయి. 10 రోజుల్లో ప్యానెల్ ముందుకు రావాలి’ అన్నది దాని సారాంశం. స్టవ్ ఆపేసి మంచం మీద కూలబడ్డా. ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ మొదలుపెట్టి అప్పటికి నాలుగు నెలలే. ఒంగోలులో ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి నాన్న పంపించారు. కోర్సు నుంచి తీసేస్తే వీసా కూడా పోతుంది.

ఆ ‘మరో విద్యార్థి’ ఎవరో కాదు, నా రూమ్మేటే. ‘ఒక్కసారి చూసి ఇచ్చేస్తా మామా’ అంటే నేనే ఫైల్ పంపించా. బీటెక్‌లో ల్యాబ్ రికార్డులన్నీ అలాగే రాశాం కదా! అక్కడ మాత్రం ఇచ్చినవాడిదీ తప్పే.

సీనియర్ల వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే తలా ఒక మాట. ‘అన్నిటికీ సారీ చెప్పెయ్’ అని ఒకరు, ‘నాకేం తెలీదని బుకాయించు’ అని ఇంకొకరు. ఒక అక్క మాత్రం ‘ముందు స్టూడెంట్స్ యూనియన్ అడ్వైజ్ సెంటర్‌కి వెళ్లు తమ్ముడూ’ అంది.

యూనియన్ అంటే మన దగ్గర జెండాలు, బంద్‌లు. అక్కడ నాకు తెలిసినంత వరకు కింద అంతస్తులో బార్, ఫ్రెషర్స్ వీక్‌లో ఫ్రీ పిజ్జా. వీళ్లేం చేస్తారులే అనుకుంటూనే వెళ్లా.

‘మేం యూనివర్సిటీ మనుషులం కాదు’

అడ్వైజర్ మొదట చెప్పిన మాట ఇదే. యూనివర్సిటీ నిధులిచ్చినా యూనియన్ వేరే సంస్థ. నేను చెప్పింది నా అనుమతి లేకుండా డిపార్ట్‌మెంట్‌కి చేరదు. ఫీజు కూడా లేదు.

ఆవిడ నిబంధనల కాపీ తీసి, నా మీద ఆరోపణ ఏ క్లాజు కింద ఉందో చూపించారు. కోడ్ ఎప్పుడెప్పుడు రాశావో చూపే గిట్ హిస్టరీ ఉందా అని అడిగారు. ఉంది, మూడు వారాల కమిట్లు! ‘మరి ఫైల్ పంపిన సంగతి దాచేద్దామా?’ అన్నా. ‘అది ముందు నువ్వే చెప్పు’ అన్నారు.

ప్యానెల్ రోజు నా పక్కనే కూర్చున్నారు. నా బదులు జవాబులు మాత్రం చెప్పలేదు. ఒక ప్రశ్న సరిగ్గా అర్థం కాక నేను తలూపబోతుంటే, ‘అది మళ్లీ అడుగుతారా?’ అని ఆపారు. కాపీ చేశావా, కాపీ చేయనిచ్చావా అన్నవి అక్కడ రెండు వేర్వేరు తప్పులు. నేను రెండింటికీ తలూపేసేవాణ్ని. చివరికి మొదటి ఆరోపణ తీసేశారు. కోడ్ ఇచ్చినందుకు రాతపూర్వక హెచ్చరిక, ఆ అసైన్‌మెంట్‌లో మార్కుల కోత.

రూమ్మేట్‌ని ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ‘బయటికి తెలిస్తే పరువు పోతుందిరా’ అన్నాడు. ఒక్కడే వెళ్లి, అడిగినవాటన్నిటికీ సారీ చెప్పొచ్చాడు. మాడ్యూల్ మొత్తం మళ్లీ చేయాల్సొచ్చింది. వాడు చేసింది తప్పే. కానీ అసైన్‌మెంట్ వారంలోనే వాళ్లమ్మకి ఆపరేషన్. గడువు పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చని మా ఇద్దరికీ తెలీదు. తెలిసి ఉంటే వాడు నా ఫైల్ అడిగేవాడే కాదు.

వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి

అక్కడ చేరగానే సాధారణంగా యూనియన్ సభ్యులైపోతారు. వద్దనుకునే హక్కు 1994 ఎడ్యుకేషన్ యాక్ట్ ఇచ్చింది. అదే చట్టం ప్రకారం ముఖ్య పదవులకు రహస్య బ్యాలెట్ పెట్టాలి. జీతం తీసుకునే ఎన్నికైన పదవిలో ఎవరూ మొత్తం రెండేళ్లకి మించి ఉండకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లో యూనివర్సిటీ తుది నిర్ణయం అన్యాయం అనిపిస్తే, ఆ లెటర్ వచ్చిన 12 నెలల్లోగా ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. దానికీ యూనియన్ అడ్వైజర్ల సాయం అడగొచ్చు.

తర్వాతి టర్మ్‌లో నేనే కోర్సు రెప్ అయ్యా. ఒకే రోజు పడిన రెండు డెడ్‌లైన్లలో ఒకటి వారం జరిపించగలిగా. చిన్న పనే, కానీ క్లాసంతా ఆ వారం నిద్రపోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. వెళ్లే ముందు జూనియర్లు ఫోన్ చేసి ఏ కుక్కర్ తెచ్చుకోవాలన్నా అని అడుగుతారు. మూడు లీటర్లది చాలు అని చెప్పి, యూనియన్ అడ్వైజ్ సెంటర్ పేజీ వెతికించి, లైన్‌లో ఉండగానే సేవ్ చేయిస్తున్నా.