పచ్చికపై పైన్ కాయలు: పెరటిలోనూ భద్రత

భద్రత అనేది పవర్ హౌస్ గేటు వద్ద మొదలై అక్కడే ముగిసేది కాదు. ఈ సత్యాన్ని మాకు బోధించినది ఏ యంత్రమూ కాదు. మా క్వార్టరు ముందరి పచ్చికపై రాలిన ఒక ఎండు కాయ.

ఉద్యోగరీత్యా మేము కుమావూఁ కొండలలోని ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు కాలనీలో కొన్ని సంవత్సరాలు నివసించాము. సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కాలనీ చుట్టూ స్థానికులు ‘చీడ్’ అని పిలిచే పైన్ వృక్షాలే. సంస్కృతంలో సరళవృక్షమన్నది దీనినే. వాకిట్లో వేపపూత ఊడ్చుకొనే అలవాటు గల మన తెలుగు కుటుంబాలకు, జానెడు పొడవు సూదుల వంటి ఆకులు, పిడికిలిని మించిన కాయలు వింతగా తోచేవి. ఆ కాయ పక్వమగుటకు సుమారు రెండు సంవత్సరాలు పడుతుంది. విత్తులను గాలికి వదిలిన పిమ్మట గుల్లకాయలు ఒక్కొక్కటిగా నేలరాలుతాయి.

ఒక మే నెల సాయంకాలం, రాలిన కాయలను, ‘పిరూల్’ అనబడే ఎండుటాకులను పచ్చిక అంచున కుప్పవేయించి నిప్పు పెట్టించాము. వృద్ధుడైన తోటమాలి వారించాడు. “సాహెబ్, ఈ కాయకు కాళ్లున్నాయి” అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము.

కొద్ది నిమిషాలలో గాలి వీచి కుప్ప కదిలింది. మండుతున్న కాయ ఒకటి దొర్లి, కంచె క్రింది సందు గుండా వాలులోకి జారింది. దిగువన మోకాలెత్తు ఎండుగడ్డి, దాని ఆవల స్టోర్సు యార్డు! ఇరుగుపొరుగువారు, ఆడవారితో సహా, పచ్చికొమ్మలతో కొట్టి, బకెట్లతో నీరు చల్లి అరగంటలో మంటను ఆర్పగలిగారు. నష్టమేమీ జరగలేదు. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కొండవాలుపై మంట పైకి వేగంగా ప్రాకుతుంది, క్రిందికి మందగిస్తుంది. కనుక దిగువన ఉన్నవారు నిశ్చింతగా ఉంటారు. జిగురుతో నిండి, గుండ్రంగా ఉన్న పైన్ కాయ ఈ లెక్కను తారుమారు చేస్తుంది. మండుతూనే దొర్లిపోయి దిగువన కొత్త మంటను రేపుతుంది. ఉత్తరాఖండ్‌లో ఫిబ్రవరి 15 నుండి జూన్ 15 వరకు అగ్నిప్రమాదకాలంగా పరిగణిస్తారు. 2016 వేసవిలో ఆ అడవులు అంటుకొన్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ సరస్సు నుండి నీరు తోడి చల్లవలసి వచ్చింది.

ఆ తరువాత మేము కాయలను కాల్చలేదు, ఏరించాము. ఏరుటలోనూ ఒక కిటుకు ఉన్నది. కాయ రేకులలో రెండు పొరలుంటాయి. తడి తగిలితే వెలుపలి పొర ఎక్కువగా సాగి, రేకు లోనికి ముడుచుకొంటుంది, ఎండితే విచ్చుకొంటుంది. వేడికి వంగే రెండు లోహాల పట్టీ వంటిదే ఈ ఏర్పాటు. ఇక్కడ వేడికి బదులు తేమ పనిచేస్తుంది. చెట్టునుండి రాలిన తరువాత కూడా ఈ గుణం పోదు. కనుక ముందునాటి సాయంకాలం పచ్చికకు నీరు పెట్టి, తెల్లవారి ఏరితే కాయలు ముడుచుకొని ఉంటాయి. రేకుల మొనలు చేతికి అంతగా గుచ్చుకోవు. గోనెసంచిలో ఎక్కువ పడతాయి.

పచ్చిక కోసే యంత్రం నడుపుటకు ముందే కాయలను ఏరివేయాలి. లేనిచో తిరిగే బ్లేడు తగిలి కాయ రాయివలె ఎగిరిపడుతుంది; బ్లేడూ చెడుతుంది. ఏరిన కాయలను గోడవారగా, చెక్కమెట్ల క్రింద పోగుచేయరాదు. మూతగల రేకు డ్రమ్ములో ఉంచి, శీతకాలంలో అంగీఠీ రాజేయుటకు ఒకటి రెండు చొప్పున వాడుకోవచ్చును. ఒక కాయను మాత్రం పిల్లలకిచ్చి కిటికీలో పెట్టించండి. గాలిలో తేమ పెరిగితే అది ముడుచుకొంటుంది. వాన సూచన ఇంటిలోనే దొరుకుతుంది.

ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు, మనమంతా ప్రతిజ్ఞ చేస్తాము. కొండలపై ఎండుటాకు రాలే కాలమూ అదే. ఆ ప్రతిజ్ఞలో మన పెరటిని కూడా చేర్చుకొందాము. తోటమాలి మాటను నవ్వుతో త్రోసిపుచ్చకుండా ఉందాము.