బీపీ మాత్ర వేసుకుంటే చర్మం ఎందుకు కందుతుంది?

బళ్లారి ఎండ సంగతి అక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మిరపచేలో పనిచేసే అవ్వకు మెడ మీద, ముంజేతుల మీద ఎర్రగా కంది దురద పెడుతోంది, బట్ట కప్పినచోట ఏమీ లేదు అనుకోండి. ఆమె రోజూ వేసుకునే బీపీ మాత్ర కూడా కారణం కావచ్చు.

హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపి రక్తపోటు తగ్గిస్తుంది. చర్మంలోకి చేరిన మందు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. ఆ శక్తి పక్కనున్న కణాలను దెబ్బతీస్తుంది. నిండు చేతుల బట్టలు, తలగుడ్డ కొంత కాపాడతాయి.

బీపీకే వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ మందుల తీరు వేరు. వీటికి పెద్దన్న క్యాప్టోప్రిల్. బ్రెజిల్ పాము విషం మీద జరిగిన పరిశోధనల్లోంచి పుట్టి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఎంత అద్భుతమైన సంగతి! ఈ మందులు బ్రాడికినిన్ అనే పదార్థాన్ని విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి. బ్రాడికినిన్ పేరుకుంటే కొందరికి పొడిదగ్గు వస్తుంది. అరుదుగా, దురదా దద్దుర్లూ లేకుండానే పెదవులు, నాలుక, గొంతు వాచిపోతాయి. అప్పుడు ఊపిరికే ముప్పు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఒట్టి దద్దుర్లే అయితే మాత్ర సొంతంగా మానేయకూడదు, రక్తపోటు మళ్లీ పెరుగుతుంది. మాత్రల అట్ట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన వేరే మందు రాస్తారు. మందుల దుష్ఫలితాలను ఎవరైనా ప్రభుత్వానికి తెలపవచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024.