మృణ్మయ పాత్రలు - మృతుల ఆచారములు

హనుమకొండ నుండి మేడారము పోవువారు తాడ్వాయి సమీపమున, దామరవాయి వద్ద, బండపలకలతో కట్టిన సమాధులను చూడవచ్చును. ప్రజలు వీనిని రాకాసి గుళ్ళందురు. ఇవి ఇనుపయుగపు మానవులు కట్టినవి.

దక్షిణదేశమున ఆ యుగపు సమాధులలో ఎముకలతోపాటు మట్టిపాత్రలును దొరకుచున్నవి. కొన్నిచోట్ల ఎముకలనుంచిన పేటికయే కాల్చిన మట్టిది. దానికి వరుసగా కాళ్ళుండును. కడప జిల్లా శంఖవరములో దొరికిన పేటిక జంతువు ఆకారమున నున్నది. ఆ జంతువు మృతుని మోయు వాహనమా? వంశచిహ్నమా? ఆకారము మాత్రమే చూచి నిర్ణయింపరాదు.

దూరదేశపు ఉదాహరణ యొకటి ఈ సంగతిని విశదపరచును. పెరూ ఉత్తరతీరమున సుమారు క్రీ.శ. 100-800 నడుమ వర్ధిల్లిన మోచే జాతివారి కుండలపై, బందీల రక్తమును పాత్రలో ప్రభువునకు అందించు దృశ్యము కలదు. ఇది కల్పితగాథయా, నిజముగా జరిగిన క్రతువా? 1987లో సిపాన్ వద్ద వాల్టర్ ఆల్వా త్రవ్వించిన సమాధిలో, చిత్రమునందలి ప్రభువు ధరించినవంటి ఆభరణములే శవముపై కనబడినవి. ఆ వేషము నిజముగా ధరించినవారుండిరని తేలెను.

కుండకు అర్థమును తెలుపునది అది ఉన్న చోటు, దాని ప్రక్కనున్న ఎముక, పూస, ఇనుపముక్క. కనుక విద్యార్థులారా, గుట్టలపై పాత సమాధి కనబడినచో పెంకులను కదపకుడు. చోటును గుర్తించి ఉపాధ్యాయునికి, వారి ద్వారా పురావస్తు శాఖకు తెలుపుడు.