స్టార్టప్ సైట్ పెడుతున్నారా? డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి

హాలియాలో కూర్చుని స్టార్టప్ మొదలుపెట్టినా సర్వర్ కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లోనే హైదరాబాద్ రీజియన్ తెరిచింది. కానీ మొదటి రోజే ఆ ఖర్చు ఎందుకు?

కంపెనీ వివరాలు, ధరలు చూపించే పేజీలకు స్టాటిక్ సైట్ చాలు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ప్లాన్‌లోనే నడిచిపోతుంది. లాగిన్, డేటాబేస్ ఉన్న అసలు ప్రాడక్ట్‌ని మాత్రం విడిగా సబ్‌డొమైన్‌లో పెట్టండి. యూజర్లు పెరిగితే దాన్నొక్కదాన్నే పెద్ద సర్వర్‌కి మార్చుకోవచ్చు, మెయిన్ సైట్‌ని కదిలించే పనే ఉండదు.

హోస్టింగ్ ఎప్పుడైనా మార్చొచ్చు. డొమైన్ పోతే మాత్రం మెయిల్, గూగుల్ ర్యాంక్, కస్టమర్ల నమ్మకం అన్నీ పోతాయి. అందుకే సైట్ చేసిచ్చిన ఫ్రెండ్ అకౌంట్‌లో కాకుండా మీ అకౌంట్‌లోనే కొనండి. అందులో అదే డొమైన్ మీద నడిచే మెయిల్ ఐడీ ఇవ్వకండి: గడువు దాటి డొమైన్ ఆగితే రెన్యూవల్ మెయిల్ కూడా మీకు చేరదు. మొదటి ఏడాది ఆఫర్ కాదు, రెండో ఏడాది రెన్యూవల్ ధర చూసి కొనండి.