పిల్లికూన దొరికిందా? గిన్నెలో పాలు పోయకముందే ఇది చదవండి

కనగానపల్లి చుట్టుపక్కల చెనిక్కాయ మూటలు పెట్టిన గదిలోనో, పాత మిద్దె మెట్ల కిందో పిల్లులు పిల్లలు పెట్టడం మామూలే. బడి నుంచి వస్తూ మన పిల్లలు ఒక కూనను ఎత్తుకొస్తారు. అమ్మీ జాలిపడి గిన్నెలో ఆవుపాలు పోస్తుంది. ఆవుపాలైనా బర్రెపాలైనా కూనకు సరిగా అరగవు, బేదులు పట్టుకుంటాయి. అరచేయంత ప్రాణం అది. ఒంట్లో నీరు పోతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు.

అసలు తేవాలా వద్దా అన్నది ముందు చూసుకోవాలి. తల్లి వేటకు పోయినప్పుడు కూనలు ఒంటరిగానే ఉంటాయి. కూన శుభ్రంగా, కడుపు నిండి, నిద్రపోతుంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు. దూరంగా ఉండి రెండు మూడు గంటలు చూడండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందంటారు గానీ చాలావరకు అలా జరగదు. తల్లి వస్తే ఆ తల్లికే ఇంత తిండి పెట్టండి, అంతకన్నా మంచి సాయం లేదు. కూన చల్లబడినా, దెబ్బ తగిలినా, చీమలు పట్టినా మాత్రం ఆగొద్దు.

తెచ్చాక మొదటి పని వెచ్చగా ఉంచడం. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు ఏం పట్టినా అరగదు. అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి, వేడినీళ్ల బాటిల్‌ను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. పిల్లికూనల పాలపొడి పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కళ్లు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుస్తాయి. అంతవరకు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పట్టాలి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా పట్టండి. తాగాక గోరువెచ్చని తడి దూదితో కింద తుడిస్తేనే మలమూత్రాలు వస్తాయి. తల్లి నాకుతూ చేసే పని అదే.

బీకాం చదివినోణ్ణి, లెక్క లేకపోతే నాకు నమ్మకం కుదరదు. రోజూ ఒకే వేళకు కాటా మీద తూచి నోట్‌బుక్‌లో రాయండి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది, రోజుకు 10 గ్రాములైనా పెరగాలి. పెరగకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

నాలుగు వారాలు దాటి పళ్లొస్తే ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి పెట్టొచ్చు. సాలన్ కలిపిన అన్నం వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. జ్వరమనుకుని పారాసిటమాల్ వేస్తే సగం మాత్రకే ప్రాణం పోతుంది. ధర్మవరం వైపు మగ్గాలున్న ఇళ్లల్లో ఇంకో భయం ఉంది: పట్టు పోగు, జరీతో ఆడుకుంటూ కూన మింగేస్తుంది, అది పేగులను కోసేస్తుంది. నోట్లోంచో వెనక నుంచో పోగు వేలాడుతుంటే లాగొద్దు, అలాగే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పిల్లి మూతి పెట్టిన నీళ్లతో వుజూ అవుతుందా అని పెద్దవాళ్లు అడుగుతారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వుజూ పాత్రను పిల్లి తాగడానికి వంచి పట్టారని, పిల్లి నజిస్ కాదన్న దైవప్రవక్త (స) మాటను గుర్తుచేశారని అబూ దావూద్, తిర్మిజీ హదీసుల్లో ఉంది. హనఫీ ఫిఖ్‌లో, వేరే నీళ్లుంటే అవి వాడడం మేలంటారు. మలమూత్రాలు నజిసే, కాబట్టి ఇసుక తొట్టి జానమాజ్ పరిచే చోటుకు దూరంగా పెట్టండి. గర్భిణీలు ఆ ఇసుక ఎత్తకూడదు, అందులో ఉండే టాక్సోప్లాస్మా క్రిమి కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, వదలనూ లేక చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి బుఖారీ, ముస్లింలో వస్తుంది. పెళ్లికో ఉర్సుకో ఊరెళ్తూ పిల్లిని గదిలో వేసి తాళం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి.

ఇక గీతలు, కాట్లు. వీధి కూన చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, రేబిస్ పిల్లుల నుంచి కూడా వస్తుంది. గాయానికి పసుపు, సున్నం, కారం పూయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా ఉచితమే. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు, మధ్యలో ఆపకూడదు. కూనకైతే 8 వారాలప్పుడు మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియకపోతే 1962కు ఫోన్ చేసి అడగొచ్చు.